ఉడతకి చెప్పిన ఎత్తులు

ముప్ఫై ఒక్క ఏళ్ళు మనుషుల్ని నిద్రపుచ్చి జీతం తీసుకున్నాను. మెంఫిస్‌లో ఎనస్తీషియా డాక్టర్‌గా రిటైరయ్యాక బెంటన్‌విల్‌లో మా అమ్మాయి విద్య ఇంటికి చేరాను. విద్యా, అల్లుడు శ్రీధర్ ఇద్దరూ కంప్యూటర్ కాంట్రాక్టర్లు. పొద్దున్న వెళ్తే చీకటి పడ్డాకే రాక. ఇంట్లో పదకొండేళ్ళ మనవరాలు మృదులా, నేనూ మిగిలేవాళ్ళం. నా పేరు రాధారాణి. పిల్లలకి అమ్మమ్మని, మిగతా అందరికీ డాక్టరు గారిని.

ఇది 2009 అక్టోబరులో ఒక శనివారం జరిగిన సంగతి. కూతురికి కూడా పూర్తిగా చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఒక్కటే, సిగ్గు.

మృదుల చేతిలో ఎప్పుడూ ఒక గేమ్ మెషీన్ ఉండేది. మొదట్లో దాన్ని లాక్కుని ఫ్రిజ్ మీద పెట్టేదాన్ని. ఒకరోజు అసలు అందులో ఏముందో చూద్దామని కళ్ళజోడు పెట్టుకుని పక్కన కూర్చున్నాను. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు.

ఆట తేలికే. ఒక్కొక్కరి దగ్గరా మూడేసి వింత జంతువులుంటాయి. ఒకసారికి ఒకటే బరిలో ఉంటుంది. ప్రతి వంతులోనూ ఇద్దరూ ఎదుటివాళ్ళకి కనపడకుండా తమ ఎత్తు ఎంచుకుని మీట నొక్కుతారు. ఎవరి జంతువుకి వేగం ఎక్కువైతే దాని ఎత్తు ముందు పడుతుంది. మూడూ పడిపోతే ఓడినట్టు. మృదులకి ప్రాణమైన జంతువు అచ్చం ఉడతలా ఉండేది. దానికేదో నోరు తిరగని ఇంగ్లీషు పేరుంది గానీ, నేను ఉడత అనే పిలిచేదాన్ని. ఆ ఆటలో దాన్ని మించిన వేగం దేనికీ లేదు. ఒంట్లో మాత్రం సత్తువ లేదు. గట్టి దెబ్బ ఒక్కటి తగిలితే వెల్లకిలా పడుతుంది.

ఉడతకి నాలుగు పనులు వచ్చు. కొరుకుతుంది. ఒక దెబ్బకి అడ్డం పెట్టుకుంటుంది. కొట్టి, వెంటనే బయటికి వచ్చేసి, తన బదులు ఇంకోదాన్ని పంపుతుంది. నాలుగోది నిద్రపొడి. ఎదుటి జంతువు మీద చల్లితే అది రెండు మూడు వంతులు గుర్రుపెట్టి పడుకుంటుంది. ఈ నాలుగోది చూశాకే నాకు ఆ ఆట మీద గౌరవం కలిగింది. మా వృత్తి కదా!

“మరి మూడింటినీ వరసగా పడుకోబెట్టేస్తే పోలా?” అన్నాను మొదటిరోజు.

“నో, అమ్మమ్మా! ఓన్లీ వన్. ఎవ్రీబడీ ప్లేస్ లైక్ దట్.”

“మెషీన్ ఒప్పుకోదా?”

“మెషీన్ ఈజ్ ఓకే. బట్ దట్స్ నాట్ నైస్.”

మెషీన్ ఒప్పుకున్నా పిల్లలు ఒప్పుకోరన్నమాట. నాకు ముచ్చటేసింది. నేను కూడా నా దగ్గర పని నేర్చుకునే కుర్ర డాక్టర్లకి మొదటిరోజే ఒక మాట చెప్పేదాన్ని. పేషంట్ కళ్ళు మూసుకున్నాడు కదా అని నోటికొచ్చింది వాగకండి, అన్నిటికన్నా చివర నిద్రపోయేది చెవి అని. ఒకసారి ఒక పెద్ద సర్జన్, బల్ల మీద ఉన్నావిడ లావు గురించి హాస్యమాడితే, నేను అందరి ముందూ ఆయన నోరు మూయించాను. ఆ కథ మృదులకి పదిసార్లు చెప్పి ఉంటాను. నా గురించి నేను గొప్పగా చెప్పుకోవడం నాకు ఇష్టం. దాచడం దేనికి.

ఆ వేసవంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇద్దరం ఉడతని సాధన చేశాం. నేనొక నోటుపుస్తకం పెట్టాను. మృదుల వేళ్ళు చురుకు. బుర్రా చురుకే. ఒక్కటే జబ్బు, ఉడతని వెనక్కి లాగడం చేతకాదు. పని అయ్యాక కూడా ఇంకొక్క కొరుకు కొరుకుదామని బరిలోనే ఉంచుతుంది. ముద్దు కదా, కళ్ళెదురుగా ఉండాలి. ఆ ఇంకొక్క కొరుకు దగ్గరే ఎదుటివాళ్ళ దెబ్బ తగిలి ఉడత చచ్చేది.

“వేగం ఉన్నది కొట్టడానికి ఎంతో, పారిపోవడానికీ అంతే. లోపలికెళ్ళు, పని చూసుకో, బయటికి రా. అక్కడే కూర్చుని కబుర్లు చెప్పకు” అని రోజుకి నాలుగుసార్లు పాఠం చెప్పేదాన్ని.

“ఐ నో, అమ్మమ్మా” అనేది. మళ్ళీ అదే చేసేది. నేను తెలుగులో అడగడం, అది ఇంగ్లీషులో జవాబివ్వడం మా ఇద్దరికీ అలవాటైపోయింది.

పక్క ఊరి లైబ్రరీ హాల్లో పోటీ పెట్టారు. గెలిచిన పిల్లని డాలస్‌లో జరిగే పెద్ద పోటీకి పంపుతారు. మృదుల ఆగస్టు నుంచీ క్యాలెండర్ మీద ఆ శనివారం చుట్టూ ఎర్ర గీతలు గీసుకుంటోంది. స్కూల్లో బొత్తిగా స్నేహితులు లేని పిల్ల. ఏదో ఒకదాంట్లో గెలిస్తే తల ఎత్తుకుని తిరుగుతుందని నా ఆశ. ఆ రోజు విద్యా వాళ్ళకి ఆఫీసులో ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంటే నేనే డ్రైవ్ చేసుకుని తీసుకెళ్ళాను.

పోటీ నడిపే ఆవిడ పేరు లిండా. నెరిసిన జుట్టు, మెళ్ళో విజిలు. మొదలుపెట్టే ముందు నియమాలన్నీ చదివింది. చూసేవాళ్ళు తాడుకి ఇవతలే ఉండాలి, ఆడేవాళ్ళకి ఎవరూ సలహా చెప్పకూడదు, చెప్తే ఆ పిల్ల ఓడినట్టే లెక్క. నేను తల ఊపాను. అందరికన్నా గట్టిగా ఊపి ఉంటాను.

మనకి ఒక అలవాటుంది. ఏ హాల్లోకి వెళ్ళినా మనవాళ్ళ మొహాలేమైనా ఉన్నాయా అని ముందు చుట్టూ ఒకసారి చూస్తాం. ఉంటే గొంతు తగ్గిస్తాం. లేకపోతే ఇక ఆ హాలు మన వంటిల్లే. లిఫ్టుల్లో, షాపుల్లో, డాక్టరు వెయిటింగ్ రూముల్లో, పక్కవాళ్ళ బట్టల గురించీ, ముక్కుల గురించీ, మొగుళ్ళ గురించీ వాళ్ళ ఎదురుగానే చెప్పుకుంటాం. నేను ఈ దేశం వచ్చి ముప్ఫై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అదే చేశాను. ఆ రోజు కూడా చుట్టూ చూశాను. మనవాళ్ళ మొహం ఒక్కటీ లేదు.

మృదుల మధ్యాహ్నం రెండింటికల్లా ఫైనల్‌కి వచ్చింది. ఎదురుగా కూర్చున్న పిల్ల పేరు నయోమి. పదేళ్ళుంటాయేమో. నల్లజాతి పిల్ల, కాస్త బొద్దుగా, జుట్టు చిన్నచిన్న జడలల్లుకుని, జడ చివర్ల పసుపు పూసలు. వెనకాల పొడుగ్గా ఉన్న వాళ్ళ నాన్న కూతురి కోటూ, సంచీ రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. మూడు ఆటల్లో రెండు గెలిస్తే డాలస్.

మొదటి ఆట మృదుల ఓడిపోయింది. నయోమి దగ్గర ఒక తాబేలు, ఒక కరెంటు చేప, ఒక కోడిపుంజు ఉన్నాయి. ఉడత తాబేలుని నిద్రపుచ్చింది. అక్కడిదాకా బాగుంది. వెంటనే వెనక్కి లాగాలి. లాగలేదు, ఇంకొక్క కొరుకు కొరుకుదామని ఆగింది. నయోమి తాబేలుని తప్పించి కరెంటు చేపని దింపింది. అది కొట్టిన షాక్‌కి ఉడత కాళ్ళు పడిపోయాయి. వేగం పోయాక ఆ ఉడతకి ఇంకేముంది? నాలుగు నిమిషాల్లో ఆట అయిపోయింది.

మృదుల వెనక్కి తిరిగి నా వైపు చూసింది. కింద పెదవి వణుకుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు నెలలు గొంతు చించుకుని చెప్పింది మూడు నిమిషాల్లో మర్చిపోయిందే అని దాని మీద కోపం. దాని మొహం అలా అయిందే అని ప్రాణం ఉసూరుమనడం. రెండూ కలిసి నా చేత ఒక పని చేయించాయి. చేయించాయి అనడం కూడా తప్పే. నేనే చేశాను.

రెండో ఆటలో ఉడత మళ్ళీ నిద్రపొడి చల్లగానే, సంచీలోంచి సెల్‌ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాను.

“హలో! ఆఁ, వినిపిస్తోందా?” అన్నాను, ఇండియా ఫోన్ మాట్లాడేటప్పుడు అందరం అరిచినట్టే కాస్త గట్టిగా. ఫోన్‌లో ఎవరూ లేరు. “చల్లావుగా పొడి? చాలు. ఇంక అక్కడుండకు. కొట్టి బయటికొచ్చెయ్.”

మృదుల భుజాలు బిగుసుకున్నాయి. వెనక్కి తిరగలేదు. ఒక్క క్షణం ఆగి, నేను చెప్పిన ఎత్తే వేసింది.

ఆ ఒక్క క్షణం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. చెయ్యనా వద్దా అని అది తనలో తను కొట్టుకున్న క్షణం అది. అమ్మమ్మ చెప్తోంది కదా అని చేసింది. పదకొండేళ్ళ పిల్లకి అంతకంటే ఏం తోస్తుంది?

“ఇప్పుడు చేప వస్తుంది, నీ ఎలుగుబంటిని పంపు. ఆఁ, అదీ. బాగానే ఉన్నాం, అందరం కులాసా” అంటూ మధ్యలో క్షేమసమాచారాలు కూడా కలిపాను. లిండా ఒకసారి దగ్గరికి వచ్చి కాస్త నెమ్మదిగా మాట్లాడమంది. “సారీ, ఫ్యామిలీ” అని నవ్వాను. ఆవిడ కూడా నవ్వి వెళ్ళిపోయింది. రెండో ఆట గెలిచాం. గెలిచాం అనే అంటున్నాను, ఎందుకంటే నేనూ ఆడాను.

మూడో ఆట చివరికి వచ్చేసరికి మృదులకి ఉడత ఒక్కటే మిగిలింది, అదీ కొనప్రాణంతో. నయోమి దగ్గర గాయపడ్డ కోడిపుంజు ఒక్కటే మిగిలింది, అప్పుడే బరిలోకి దిగింది. చూడడానికి ఉడతదే గెలుపులా ఉంటుంది. వేగం ఎక్కువ, ముందు కొరికితే సరి. కానీ ఆ కోడికి ఒక ముందుదెబ్బ ఉంది. దిగిన మొదటి వంతులో మాత్రమే పనికొస్తుంది, ఎంత వేగం ఉన్నదాన్నైనా దాటుకుని ముందు తగులుతుంది. కాబట్టి ఈ వంతు ఉడత అడ్డం పెట్టుకోవాలి. మరుసటి వంతులో కొరకాలి.

మృదుల చెయ్యి మీట మీద ఆడుతోంది. భయపడుతోంది. ఓరకంట నా వైపు చూసింది.

అప్పుడు నేను ఫోన్‌లో అన్న మాట ఇక్కడ రాస్తున్నాను. రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు.

“దాన్ని చూసి భయపడతావేంటే? ఆ నల్లపిల్లకి అంత బుర్ర ఎక్కడేడిసింది? మొహం చూస్తే తెలియట్లా? ఏదో గుడ్డిగా నొక్కుతోంది. నువ్వు ఈసారికి అడ్డం పెట్టు, కొరక్కు. తర్వాత కొరుకు.”

మొదటి ఆటలో ఆ పిల్ల మా ఉడతని ఎంత తెలివిగా పడగొట్టిందో నా కళ్ళతో నేను చూశాను. అయినా ఆ మాట అన్నాను. ఆ పిల్ల ఆట చూసి అనలేదు, రంగు చూసి అన్నాను. నయోమి వేలు మీట మీద కాసేపు ఆగిపోయింది. ఎత్తు ఆలోచిస్తోందనుకున్నాను. తర్వాత నొక్కింది. కోడి ముందుదెబ్బ కొట్టింది, ఉడత అడ్డం పెట్టుకుంది. మరుసటి వంతులో ఉడత కొరికింది, కోడి పడిపోయింది.

చప్పట్లు. లిండా మృదుల మెళ్ళో నీలం రిబ్బను పతకం వేసింది. నయోమి లేచి చెయ్యి చాపింది, మృదుల ఆ చెయ్యి పట్టుకుంది గానీ తల ఎత్తలేదు. నేను ఫొటో తీశాను. ఆ ఫొటోలో నవ్వుతున్నది నయోమి ఒక్కర్తే.

వాళ్ళ నాన్న మంచినీళ్ళ సీసా నింపుకురావడానికి అటు వెళ్ళాడు. ఆ పిల్ల తిన్నగా మా దగ్గరికి వచ్చింది.

“అమ్మమ్మా, మీ ఉడత మస్తుంది” అంది.

నా చేతిలో తాళాలు కింద పడ్డాయి. ఆ పిల్లే వంగి తీసిచ్చింది.

“నాకు తెలుగొస్తది. మా మమ్మీది వరంగల్. నర్సు, ఇయ్యాల డ్యూటీల ఉంది. ముందుగాల్నే చెప్పాల్సి ఉండె. సారీ.”

తాళాలు అందుకున్నాను.

“చెవులు మూసుకుందామనుకున్న. కానీ రెండు చేతుల్ల గేమ్ ఉండె.”

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరందరికీ చెప్పిన డాక్టరు గారు అక్కడ నిలబడి ఉంది. చివర నిద్రపోయేది చెవి అని చెప్పిన మనిషి.

“అంతా... అంతా అర్థమైందా, అమ్మా?” అన్నాను ఎలాగో.

“ఆ. అంతా.” తన బూట్ల వైపు చూసుకుంది.

“మరి అడ్డం పెట్టమన్నది కూడా విన్నావు కదా. అప్పుడు ముందుదెబ్బ మానేసి కోడి గాయం మానిపించుకుంటే, తర్వాత ఉడత కొరికినా తట్టుకుని నువ్వే గెలిచేదానివి.”

“మీరు చెప్పింది విని ఆడితే అది చీటింగ్ కదా, అమ్మమ్మా” అంది, నాకు తెలియని విషయమేదో చెప్తున్నట్టు మెల్లగా.

మృదుల అప్పటిదాకా నా పక్కనే నిలబడి ఉంది. ఇప్పుడు మెళ్ళోంచి పతకం తీసేసింది. లిండా బల్ల వైపు నడిచింది. నేను వెనకాల వెళ్ళాను. వెళ్ళకపోతే ఆ మాట కూడా పిల్లే చెప్పాల్సి వచ్చేది. అంతమాత్రం సిగ్గు నాకు మిగిలింది.

“తప్పు నాది, ఫోన్‌లో ఎవరూ లేరు. నేను మా భాషలో మనవరాలికి ఎత్తులు చెప్పాను” అన్నాను లిండాతో ఇంగ్లీషులో.

లిండా మొహం మాడిపోయింది. కాగితం తీసి, నయోమినీ, అప్పుడే వచ్చిన వాళ్ళ నాన్ననీ పిలిచింది. “మీరేమేం చెప్పారో నాకు వరసగా చెప్పండి, మేడమ్. రాసుకోవాలి” అంది.

ఒక్కొక్కటే చెప్పాను. పొడి చల్లాక బయటికి రమ్మన్నాను. ఎలుగుబంటిని పంపమన్నాను. చివర్లో భయపడవద్దన్నాను. అడ్డం పెట్టమన్నాను, తర్వాత కొరకమన్నాను. లిండా పెన్ను కదులుతోంది. వాళ్ళ నాన్నకి తెలుగు రాదు, నా మొహంకేసి శ్రద్ధగా చూస్తూ వింటున్నాడు.

“అంతేనా?” అంది లిండా.

నయోమి తల ఎత్తి నా వైపు చూసింది. అడుగుతున్నట్టు లేదు, బెదిరిస్తున్నట్టు అసలే లేదు. ఊరికే చూసింది. ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు తెలుసు. నోటి చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఆ పిల్ల తండ్రి, రెండు చేతుల్లో కూతురి కోటు.

“అంతే” అన్నాను.

నయోమి మళ్ళీ బూట్ల వైపు చూసుకుంది.

లిండా మృదుల పేరు కొట్టేసి నయోమి పేరు రాసింది. పతకం ఆ పిల్ల మెళ్ళోకి మారింది. వాళ్ళ నాన్న కోటు భుజం మీద వేసుకుని నా వైపు చెయ్యి చాపాడు. “మేడమ్, పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడానికి చాలా ధైర్యం కావాలి. మా అమ్మాయికి ఇవాళ మంచి పాఠం దొరికింది. థ్యాంక్యూ” అన్నాడు. నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని ఊపాడు. నేను ఊపించుకున్నాను. “యూ ఆర్ వెల్‌కమ్” అని కూడా అన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి.

కారెక్కాం. మృదుల ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. గేమ్ మెషీన్ తెరవలేదు, సంచీలో అడుగున పెట్టేసింది. ఊరు దాటి హైవే ఎక్కాం. డాలస్ పోయినందుకు ఏడుస్తుందేమో, ఓదార్చాలి అనుకుంటూ ఉన్నాను. వచ్చే ఏడాది మళ్ళీ ఆడొచ్చులే అనే మాట సిద్ధం చేసుకున్నాను. ఇంకో మూల, ఎంతయినా నిజం ఒప్పుకున్నాను కదా అనే ఊరట కూడా లేకపోలేదు.

“అమ్మమ్మా” అంది మృదుల. ఎప్పుడూ ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, మాటలు వెతుక్కుంటూ తెలుగులో అంది. “నువ్వు లిండాకి అన్నీ చెప్పలేదు. ఒకటి చెప్పలేదు.”

అది నా వైపు చూడటం లేదు. నేను రోడ్డు వైపే చూశాను.

“ఏది?” అన్నాను.